పెండ్లి పైసలు బిట్‌కాయిన్‌లో దాచవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. పరకాల దగ్గర మీ కుటుంబ భూమిలో కొంత నాగపూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ రహదారి కింద పోయింది. పరిహారంగా మీ బాపు ఖాతాలో 18 లక్షల రూపాయలు పడ్డాయి. చెల్లె పెండ్లి రెండేండ్లలో చేయాలనుకుంటున్నారు. అంతవరకు ఈ పైసలు బ్యాంకులో ఉంటే ధరల పెరుగుదల తినేస్తుందని, బిట్‌కాయిన్ ‘డిజిటల్ బంగారం’ కాబట్టి, అవి 2.10 కోట్లకు మించి ఎన్నటికీ పుట్టవు కాబట్టి, విలువ నిలవాలంటే అందులో పెట్టడమే తెలివైన పని అని హైదరాబాద్‌లో మీతో పనిచేసే మిత్రుడు చెప్పాడు. అది నిజమేనా అని అడిగారు.

2.10 కోట్ల మాట నిజమే. అయినా ఈ 18 లక్షలను అందులో పెట్టవద్దనే నేను చెబుతాను. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి హనుమకొండలో రిటైరైనవాడిని. ఆ తరువాత తెలిసినవాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూసిపెడుతున్నాను, 2022 నుంచి వాటిలో క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేల, లెక్కలు కూడా వస్తున్నాయి. నాకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం రాదు గానీ, ఖాతా అంటే ఏమిటో, కుదువ అంటే ఏమిటో, అవసరం పడ్డ రోజున పైసలు చేతికి అందకపోతే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో కౌంటరుకు ఇవతల కూర్చుని చాలాకాలం చూశాను.

‘విలువను నిలువ చేయడం’ అనే మాటను మనవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీల్లోకి ఏటా మిర్చి బస్తాలు వెళ్లేది ఆ ఆశతోనే కదా. ధర బాగా లేదనుకున్న రైతు తేజ మిర్చిని అమ్ముకోకుండా అద్దె కట్టి అక్కడ పెడతాడు, రసీదు తీసుకుంటాడు, దాని మీద అప్పు కూడా తెచ్చుకుంటాడు. కోల్డ్ స్టోరేజీ తన పని తాను సక్రమంగానే చేస్తుంది, ఆరు నెలల తరువాత తీసినా రంగు దిగదు, ఘాటు తగ్గదు. అయితే క్వింటాలుకు 20 వేలు దాటిన ధర చూసినవాళ్లే 2025 సీజనులో 15 వేలకు దిగువన అమ్ముకోవలసి వచ్చింది. సరుకు చెడిపోకుండా ఉండటం ఒక సంగతి, సరుకు విలువ చెడిపోకుండా ఉండటం ఇంకొక సంగతి. మొదటిది గోదాము చేతిలో ఉంది, రెండోది అమ్మిన రోజున ఎదురుగా నిలబడ్డ కొనుగోలుదారు చేతిలో ఉంది. బిట్‌కాయిన్ గురించి మీ మిత్రుడు చెప్పినవన్నీ మొదటి సంగతికి చెందినవి, మీకు కావలసింది రెండోది.

మొదటి సంగతిలో అది గట్టిదే. సతోషి నకమోటో అన్న పేరుతో, ఎవరో ఇప్పటికీ తేలని వ్యక్తి లేదా బృందం 2008 అక్టోబర్ 31న ఒక చిన్న పత్రం విడుదల చేశారు. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పుట్టింది. నిజానికి బిట్‌కాయిన్ అని చేతిలో పట్టుకోదగ్గ నాణెం గానీ, కంప్యూటర్‌లో దాచే ఫైలు గానీ ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక పద్దు పుస్తకం. ఏ చిరునామా (ఖాతా సంఖ్య లాంటిది) నుంచి ఏ చిరునామాకు ఎంత వెళ్లిందో రాసిన ఆ పుస్తకం ప్రతులు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకేలా ఉంటాయి. సుమారు పది నిమిషాలకొకసారి కొత్త లావాదేవీలన్నీ ఒక పుటగా చేరతాయి, ఆ పుటనే బ్లాకు అంటారు. ప్రతి పుట మీద అంతకుముందరి పుట ముద్ర ఉంటుంది కాబట్టి, పాత పుటలో ఒక అంకె దిద్దాలంటే దాని తరువాతివన్నీ తిరగరాయాలి.

మన దగ్గర భూమి రికార్డుతో పోల్చి చూడండి. పహాణీ పోయి 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, పేర్లు ఎన్ని మారినా రికార్డు ప్రభుత్వం దగ్గర ఒక్కటే ఉంటుంది. అందులో మన పేరు తప్పు పడితే ఎంత తిరగాలో మీ బాపును అడిగితే చెబుతారు. బిట్‌కాయిన్‌లో ఎవరో ఒకరు కూర్చుని మీ పేరు కొట్టివేయడం కుదరదు, అది పెద్ద గుణమే. అయితే తప్పు జరిగితే దిద్దేవాళ్లు కూడా లేరు. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరిగినా అక్కడ అర్జీ ఇవ్వడానికి ఒక మనిషి ఉంటాడు. బిట్‌కాయిన్‌లో తప్పు చిరునామాకు పంపిన మొత్తానికి అర్జీ పెట్టుకునే చోటు లేదు.

కొత్త పుటను చేర్చే హక్కు కోసం మైనర్లు అనేవాళ్లు పోటీ పడతారు. ప్రత్యేకమైన యంత్రాలతో, బోలెడంత కరెంటు ఖర్చుతో, సెకనుకు లెక్కలేనన్ని అంకెలు ప్రయత్నించి, నియమానికి సరిపోయే ఒక అంకెను ముందుగా కనిపెట్టినవాళ్లకు కొత్త బిట్‌కాయిన్లు బహుమానంగా వస్తాయి. యంత్రాలు పెరిగితే బ్లాకులు త్వరగా పుట్టకుండా, ప్రతి 2,016 బ్లాకులకు ఒకసారి ఆ లెక్క కష్టం దానంతట అదే సర్దుకుంటుంది. బహుమానం మొదట బ్లాకుకు 50 ఉండేది, ప్రతి 2.10 లక్షల బ్లాకులకు, అంటే సుమారు నాలుగేండ్లకు, సగం అవుతుంది. 2012లో 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125. మొదటి విడతలో 2.10 లక్షలను 50తో హెచ్చిస్తే 1.05 కోట్లు, తరువాతి విడతల్లో అందులో సగం, ఆ సగంలో సగం, ఇలా కలుపుకుంటూ పోతే మొత్తం 2.10 కోట్ల దగ్గర ఆగుతుంది. ఇప్పటికే అందులో 94 శాతానికి పైగా బయటికి వచ్చింది, చివరి తునక 2140 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి మైనర్లకు లావాదేవీల రుసుము మాత్రమే మిగులుతుంది. అది చాలకపోతే ఈ పుస్తకాన్ని ఎవరు కాపలా కాస్తారన్నది నిజంగా తేలని ప్రశ్నే అయినా మీ చెల్లె పెండ్లికి దానితో పని లేదు.

చైనా 2021లో మైనింగ్‌ను నిషేధించినప్పుడు అక్కడి యంత్రాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొన్ని వారాలు బ్లాకులు నెమ్మదించాయి, తరువాత యంత్రాలు వేరే దేశాలకు చేరి మళ్లీ మామూలుగా నడిచింది. పుస్తకంలో ఒక్క పద్దు కూడా చెడలేదు. ఇది చూసి నేను కూడా కొంత ఆశ్చర్యపడ్డాను, దాచనక్కరలేదు. అందుకే దీన్ని మోసమని, జూదమని ఒక్క మాటతో కొట్టివేసే పెద్దలతో నేను ఏకీభవించను.

ఇక రెండో సంగతి. తక్కువగా ఉండటం వల్లనే విలువ వస్తుందని మీ మిత్రుడు అనుకుంటున్నాడు. మా తాత గీసుకొండలో కరణంగా ఉండి రాసిన లెక్కపత్రాలు నా దగ్గర నాలుగైదు ఉన్నాయి, అవి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, అయినా వాటికి రూపాయి ఇచ్చేవాళ్లు లేరు. తక్కువగా ఉన్నదానిని కావాలనుకునేవాళ్లు ఎక్కువగా ఉంటేనే ధర. సరఫరా మారదని ముందే తెలిసిన వస్తువుకు గిరాకీ కొంచెం మారినా ఆ భారమంతా ధర మీదనే పడుతుంది. మిర్చి ధర పెరిగితే మరుసటి ఏడు రైతులు ఎక్కువ వేస్తారు, ధర దిగుతుంది, తగ్గితే మానేస్తారు, ధర ఎక్కుతుంది. బిట్‌కాయిన్‌లో పంట పెంచేదీ లేదు, తగ్గించేదీ లేదు. ఏ గుణాన్ని చూసి మీ మిత్రుడు అది విలువను నిలుపుతుందంటున్నాడో, ఆ గుణమే దాని ధరను ఊగిసలాడిస్తుంది. ఈ మాట మీరు అతనితో చర్చించండి, ఎందుకంటే బిట్‌కాయిన్ గురించి ఇష్టంగా మాట్లాడేవాళ్లు సాధారణంగా ఇక్కడిదాకా రారు.

అదే తాత దగ్గర నిజాం కాలపు హాలీ సిక్కా వెండి రూపాయలు కొన్ని ఉండేవి. ఏడు హాలీ సిక్కాలకు ఆరు కల్దారు, అంటే బ్రిటిష్ ఇండియా, రూపాయలు అన్న లెక్క ఆయనకు నోటికి వచ్చు. రాజ్యం కలిసిపోయి, 1950లలో ఆ డబ్బు చలామణి నుంచి తొలగిపోయింది. కాగితం నోటుకు మార్పిడి గడువు వరకే విలువ ఉంది, వెండి రూపాయికి వెండి విలువ మిగిలింది, మా నాయనమ్మ వాటిని కాసుల పేరులా గుచ్చి వేసుకుంది. రూపాయి వెనుక ప్రభుత్వం ఉంటుంది, పన్నులు దానితోనే కట్టాలి కాబట్టి గిరాకీ ఉంటుంది. బంగారం వెనుక ప్రభుత్వం లేకపోయినా మెడలో వేసుకోవచ్చు. బిట్‌కాయిన్ వెనుక ఈ రెండూ లేవు. రేపు కూడా దీన్ని ఇంకొకరు కావాలనుకుంటారన్న నమ్మకం, ఆ నమ్మకం పదిహేనేండ్లకు పైగా నిలిచిందన్న చరిత్ర ఉన్నాయి. ఆ చరిత్ర చిన్నదని నేననను, పెండ్లికి చాలదంటాను.

ధరల చరిత్ర చూడండి. 2017 డిసెంబర్‌లో ఒక బిట్‌కాయిన్ 20 వేల డాలర్ల దరిదాపులకు వెళ్లింది, ఏడాది తిరిగేసరికి మూడు వేల పైచిలుకుకు పడింది. 2020 మార్చిలో కొవిడ్ భయం పుట్టినప్పుడు రెండు రోజుల్లోనే దాదాపు సగం పోయింది. 2021 నవంబర్‌లో 69 వేల దాకా ఎక్కి, 2022 నవంబర్‌లో 16 వేలకు దిగువకు వచ్చింది. 2024 డిసెంబర్‌లో లక్ష డాలర్లు దాటింది. ఈ వరుసను మీ మిత్రుడు మొదటి అంకె నుంచి చివరి అంకెకు ఒక్క గీత గీసి చూపిస్తాడు, అది పైకే పోతుంది. మీరు మాత్రం మీ బాపు 2021 నవంబర్‌లో 18 లక్షలు పెట్టి, పెండ్లి 2022 కార్తీకంలో కుదిరిందనుకోండి. రూపాయి కూడా డాలరు ముందు కొంత తగ్గింది కాబట్టి మన లెక్కలో నష్టం కాస్త తక్కువ కనబడుతుంది, అయినా చేతికి వచ్చేది నాలుగున్నర లక్షలకు అటూ ఇటూ. ఇంకో రెండేండ్లు ఆగితే మొత్తం తిరిగి వచ్చేదన్న మాట నిజమే, కానీ ఆ సంగతి వియ్యంకులకు చెప్పి ముహూర్తం వాయిదా వేయించగలరా? నాలుగింట మూడు వంతులు పడిన వస్తువు మళ్లీ మొదటి చోటికి రావాలంటే నాలుగింతలు కావాలి, ఆ సమయం ఎంతన్నది ఎవరి చేతిలోనూ ఉండదు.

ధరల పెరుగుదల నుంచి కాపాడుతుందన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. 2022లో అమెరికాలో ధరలు నలభై ఏండ్లలో ఎన్నడూ లేనంతగా పెరిగాయి. ఆ మాట ప్రకారం బిట్‌కాయిన్ పెరగవలసిన ఏడాది అదే. అక్కడి కేంద్ర బ్యాంకు వడ్డీరేట్లు పెంచేసరికి, అప్పు పైసలతో ఆడేవాళ్లు ముందుగా వదిలించుకున్నది దీన్నే. 2024 జనవరిలో అమెరికాలో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు, అంటే షేర్ మార్కెట్‌లో కొనగలిగే బిట్‌కాయిన్ ఫండ్లకు, అనుమతి వచ్చాక పెద్ద సంస్థల పైసలు ఇందులోకి వచ్చాయి. గిరాకీ పెరిగిన మాట వాస్తవమే గానీ, అక్కడి షేర్ మార్కెట్‌కు జలుబు చేస్తే దీనికి తుమ్ములు వచ్చే అలవాటు అందువల్ల పోలేదు.

బంగారం కూడా పడుతుంది, అంతర్జాతీయ ధర 2011లో ఉన్న శిఖరం నుంచి 2015 చివరికి నలభై శాతానికి పైగా తగ్గింది. అయితే బంగారానికి మన ఊళ్లో ఒక సౌకర్యం ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోని పోలిక తప్పు. రాత్రి ఆసుపత్రిలో చేర్చిన మనిషి కోసం పొద్దున పది తులాలు తీసుకుని బ్యాంకుకు పోతే, మధ్యాహ్నానికి పైసలు ఖాతాలో పడతాయి, బంగారం మీదిగానే ఉంటుంది. బిట్‌కాయిన్‌ను కుదువ పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకు మన దేశంలో లేదు. అవసరం వచ్చిందంటే అమ్మడమే, ఆ రోజు ధర ఎంతయినా సరే.

మూడో సంగతి మీ మిత్రుడు అసలు ఎత్తలేదు, నా అనుభవంలో జనం ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే. కొన్న తరువాత అది ఎవరి దగ్గర ఉంటుంది? యాప్‌లో మీ పేరు కింద 0.2 బిట్‌కాయిన్ అని కనబడితే, పైన చెప్పిన పద్దు పుస్తకంలో మీ పేరు ఉందని కాదు. అక్కడ ఉన్నది ఎక్స్ఛేంజీ, అంటే ఆ యాప్ నడుపుతూ కొనుగోళ్లు, అమ్మకాలు జరిపించే సంస్థ, చిరునామా. మీకు ఎక్స్ఛేంజీ బాకీ ఉందని మాత్రమే యాప్ చెబుతోంది. బ్యాంకు డిపాజిట్ కూడా బాకీయే అని మీరు అనవచ్చు, సరిగ్గానే అన్నారు. అయితే బ్యాంకు వెనుక రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ ఉంది, బ్యాంకు మునిగినా వడ్డీతో కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఎక్స్ఛేంజీకి అటువంటి బీమా లేదు.

టోక్యోలోని మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజీ 2014 ఫిబ్రవరిలో కూలినప్పుడు సుమారు 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనిపించలేదు. వాటిలో కొన్ని తరువాత దొరికాయి, ఖాతాదారులకు బిట్‌కాయిన్ల రూపంలో తిరిగి ఇవ్వడం మొదలైంది 2024లో, పదేండ్లకు. కెనడాలోని క్వాడ్రిగా అనే ఎక్స్ఛేంజీ స్థాపకుడు 2018 డిసెంబర్‌లో మన జైపూర్‌లోనే చనిపోయాడు, పాస్‌వర్డులు ఆయనకొక్కడికే తెలుసని మొదట చెప్పారు, తీరా విచారణ జరిపితే ఖాతాదారుల సొమ్ము ఆయన ముందే పోగొట్టాడని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో విదేశీ ఎక్స్ఛేంజీ 2022 నవంబర్‌లో దివాలా తీసింది, దాని అధిపతి సామ్ బ్యాంక్‌మన్ ఫ్రైడ్‌కు 2024లో 25 ఏండ్ల జైలుశిక్ష పడింది. మన దేశంలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి 2024 జూలై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలను దొంగలు కొల్లగొట్టారు, ఖాతాదారులు తమ క్రిప్టోను ఏడాదికి పైగా బయటికి తీసుకోలేకపోయారు. వీటిలో దేనిలోనూ బిట్‌కాయిన్ పద్దు పుస్తకం తప్పు లేదు. పుస్తకం భద్రంగానే ఉంది, మధ్యవర్తి గల్లాపెట్టె ఖాళీ అయింది.

నేను కూడా 2021లో, తెలియకుండా సలహా ఇవ్వడం ఇష్టం లేక, ఒక ఎక్స్ఛేంజీలో 50 వేల రూపాయలు పెట్టాను. ఎక్స్ఛేంజీ పేరు అక్కరలేదు. ఒక సాయంత్రం ధర వేగంగా పడుతుంటే అమ్ముదామని యాప్ తెరిచాను, రాత్రి పదకొండు దాకా అది తెరుచుకోలేదు, తెరుచుకున్న తరువాత ‘నిర్వహణ పనుల వల్ల’ అన్న సందేశం వచ్చింది. చివరికి చేతికి వచ్చింది 31 వేలు. ఆ 19 వేలను నేను ఫీజు కింద రాసుకున్నాను, దేవుడి దయవల్ల అది ఎవరి పెండ్లి సొమ్మూ కాదు.

అటువంటి మధ్యవర్తి వద్దనుకుంటే సొంత వ్యాలెట్‌లో ఉంచుకోవచ్చు. అప్పుడు మీ దగ్గర ఉండేది ఒక రహస్య సంఖ్య, దాన్ని మనుషులు రాసుకోవడానికి వీలుగా 12 లేదా 24 ఆంగ్ల పదాలుగా ఇస్తారు. 2,048 పదాల జాబితా నుంచి వచ్చే ఆ వరుస ఎవరి దగ్గర ఉంటే వాళ్లే యజమాని. అది పోతే ప్రపంచంలో ఏ కోర్టూ తెచ్చి ఇవ్వలేదు. దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుంటే ఫోన్‌లోకి చొరబడినవాడు యజమాని అవుతాడు, ఒక్క కాగితం మీద రాస్తే చెద పురుగు యజమాని అవుతుంది. హనుమకొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక యువకుడి తండ్రి, కొడుకు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, ఆధార్, అన్నీ ఒక సంచిలో వరుసగా పెట్టుకుని తెచ్చాడు. బ్యాంకు ఖాతా, పీఎఫ్, బీమా మూడు నెలల్లో తేలిపోయాయి. వ్యాలెట్ మాత్రం తేలలేదు. అందులో ఎంత ఉందో చిరునామా ద్వారా ఎవరైనా చూడవచ్చు, ఆయనా చూస్తూనే ఉన్నాడు, తీయలేడు. నామినీ గడి లేని ఆస్తి మన కుటుంబాలకు కొత్త, ఆ కొత్తదనం ఎంత బరువో ఆ రోజు నాకు తెలిసింది.

ఇక చట్టం. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించకూడదని ఉత్తర్వు ఇచ్చింది, సుప్రీంకోర్టు 2020 మార్చి 4న దాన్ని కొట్టివేసింది. కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, చట్టబద్ధమైన కరెన్సీ కూడా కాదు. 2022 బడ్జెట్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు వేశారు, అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, కోస్తారు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తగ్గించుకోవడానికి వీలు లేదు. రైతులకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. మీ బాపుకు వ్యవసాయ ఆదాయం తప్ప ఏమీ లేదు, ఇప్పటిదాకా పన్ను కట్టలేదు, కాబట్టి ఆయన పేరు మీద కొంటే పన్ను ఉండదని మీరు అనుకుంటూ ఉండవచ్చు. మామూలు ఆదాయానికి ఉండే కనీస మినహాయింపు ఈ లాభానికి వర్తించదు, మొదటి రూపాయి నుంచే 30 శాతం.

అసలు దెబ్బ నష్టం దగ్గర తగులుతుంది. ఒకే ఏడాదిలో బిట్‌కాయిన్‌పై మూడు లక్షలు లాభం, ఇంకో నాణెంపై రెండు లక్షలు నష్టం వచ్చిందనుకుందాం. మన లెక్కలో మిగిలింది లక్ష. చట్టం లెక్కలో లాభం మూడు లక్షలు, ఎందుకంటే ఒకదాని నష్టాన్ని ఇంకొకదాని లాభంలో సర్దుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. మూడు లక్షలపై పన్ను 90,000, సెస్సు 3,600, మొత్తం 93,600. చేతిలో మిగిలేది 6,400 రూపాయలు. ఇది ఊహించి రాసిన లెక్కే అయినా, దాదాపు ఇట్లాంటి రిటర్నులు నేను దాఖలు చేశాను. బంగారం నగలు గానీ బిస్కెట్ గానీ రెండేండ్లకు పైగా ఉంచి అమ్మితే పన్ను 12.5 శాతం అని గుర్తుంచుకుంటే, ‘డిజిటల్ బంగారం’ అన్న పోలిక ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోలేదని తెలుస్తుంది.

టీడీఎస్ తప్పించుకోవడానికి కొందరు ఎక్స్ఛేంజీని పక్కనబెట్టి, టెలిగ్రామ్ గుంపుల్లో దొరికినవాళ్లకు నేరుగా అమ్ముతారు, దాన్ని వాడుకలో పీటూపీ అంటారు. ఈ పని మాత్రం ఎన్నడూ చేయకండి. అవతలివాడు మీకు పంపిన పైసలు సైబర్ మోసంలో ఎవరి దగ్గరో కాజేసినవైతే, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసులు ఆ జాడ పట్టుకుని వచ్చి మీ ఖాతాను స్తంభింపజేస్తారు. బ్యాంకులో ఉన్నప్పుడు అటువంటి ఉత్తర్వులు అమలు చేసినవాళ్లలో నేనూ ఒకడిని. ఖాతాదారు నిర్దోషి అని మాకు అనిపించినా మా చేతిలో ఏమీ ఉండదు, ఆయన ఆ ఊరికి పోయి రాసి ఇచ్చుకోవాలి. పెండ్లి నెలలో ఖాతా స్తంభిస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. ఆ నమోదు ఉంటే సంస్థ మునగదని అర్థం కాదు, లేకపోతే మాత్రం దాని గడప తొక్కనక్కరలేదు.

మీ మిత్రుడు మాట్లాడుతున్నది నిజమైన బిట్‌కాయిన్ గురించి కాబట్టి ఇదంతా రాశాను. మన కరీంనగర్, జగిత్యాల, హనుమకొండ వైపు ఫంక్షన్ హాళ్లలో భోజనాలు పెట్టి చెప్పే ‘క్రిప్టో’ వేరే జాతి. అక్కడ ఎవరూ వినని ఒక నాణెం పేరు చెబుతారు, యాప్‌లో అంకె రోజూ పెరుగుతూ కనబడుతుంది, నెలకు ఇంత మిత్తి అంటారు, కింద ఇద్దరిని చేర్పిస్తే కమీషన్ అంటారు, మొదటి రెండు నెలలు నిజంగానే ఇస్తారు కూడా. పాత గొలుసుకట్టు వ్యాపారానికి కొత్త అంగీ తొడిగారు, అంతే. బిట్‌కాయిన్ మిత్తి పెట్టదు. పెడుతుందని ఎవరైనా అన్నారంటే ఆ మిత్తి మీ తరువాత చేరినవాడి అసలు నుంచి వస్తోందని తెలుసుకోండి. చుట్టాలలో ఎవరైనా ఇప్పటికే చిక్కుకుని ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయమనండి. మొదటి కొన్ని గంటల్లో చేస్తే పైసలు ఎక్కడో ఒక ఖాతాలో ఆగే అవకాశం ఉంటుంది, క్రిప్టోగా మారి దేశం దాటిన తరువాత ఆ అవకాశం దాదాపు ఉండదు.

18 లక్షల విషయానికి వస్తే, తేదీ ఉన్న సొమ్మును ఆ తేదీకి పండే చోటనే పెట్టాలి. రెండేండ్లకు ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో అది 20 లక్షల 40 వేలు దాటుతుంది. ధరల పెరుగుదల అందులో కొంత తింటుంది, ఒప్పుకుంటాను, కానీ ఎంత తింటుందో సుమారుగా తెలుసు, అది నాలుగింట మూడు వంతులు తినదు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి ఐదు బ్యాంకుల్లో పంచితే ఇంకా నిశ్చింత. పెండ్లికి ఎట్లాగూ కొనవలసిన బంగారం ఉంటే, దాన్ని నాలుగైదు విడతలుగా ఇప్పటి నుంచే కొనండి. అప్పుడు బంగారం ధర పెరిగినా మీకు బాధ ఉండదు, ఎందుకంటే మీకు కావలసింది తులాలే.

బిట్‌కాయిన్ మీద మీకు నిజంగా ఆసక్తి ఉంటే, బాపు పరిహారం జోలికి పోకుండా మీ జీతంలో నుంచి, అది సున్నా అయినా ఇంట్లో చెప్పుకోగలిగినంత పెట్టండి. అప్పు తెచ్చి గానీ, చిట్టీ పాడి గానీ పెట్టకండి. ‘ఫ్యూచర్స్’ అని, ఉన్నదానికి పదింతల పందెం కాయనిచ్చే గడి యాప్‌లో కనబడుతుంది, దాన్ని ముట్టుకోకండి. ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో, ఆ పదాల కాగితం ఏ పెట్టెలో ఉందో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. రెండు వేల రూపాయలతో కొని, సొంత వ్యాలెట్‌కు పంపి, మళ్లీ ఎక్స్ఛేంజీకి తెచ్చి, అమ్మి, మీ బ్యాంకు ఖాతాలోకి రప్పించుకోండి. ఎక్కడెక్కడ రుసుము కోశారో, ఎన్ని రోజులు పట్టిందో, ఎన్నిసార్లు కేవైసీ అడిగారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఖాతాలో చివరికి ఎంత పడిందో నాకు రాయండి, పెద్ద మొత్తం సంగతి ఆ అంకె చూసి మాట్లాడుకుందాం.